శ్రీశైలం నడకకు మూడు నెలల ముందే మోకాళ్లకు పని

వెలుగోడు (మా విలేఖరి): శివరాత్రికి నల్లమల దాటి శ్రీశైలం నడిచిపోతామని మొక్కుకునే వారికి నంద్యాల జిల్లాలో కొదవ లేదు. కొదవల్లా మోకాళ్లలోనే ఉంది. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో బయలుదేరి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా పోయే దారి దాదాపు 40 కిలోమీటర్లు. నీళ్లు, పొడిబట్ట, దుప్పటి, తినుబండారాలు ఎవరి మూట వారే మోసుకుంటూ అడవిలో ఒక రాత్రి గడిపి నడుస్తారు. కుర్రకారుకు ఇది సరదా. నలభై అయిదు దాటిన వారికి మాత్రం పరీక్షే.

ఈ పరీక్షలో పోయిన శివరాత్రికి తప్పిన ఒక రైతు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. వయసు 52. పేరు రాయవద్దన్నారు. భీముని కొలను లోయలోకి దిగేసరికే ఆయన తొడలు వణికాయి. అక్కడి నుంచి కైలాసద్వారం దాకా మెట్లు దాదాపు నిట్టనిలువుగా ఉంటాయి. పాతిక మెట్లెక్కి కూలబడ్డారు. ఊరి కుర్రాళ్లు నలుగురు చెరో రెక్కా పట్టి, మధ్య మధ్య మోసి పైకి చేర్చారు. ఆయన మూట మోసింది ఆయన భార్యే. ఆమె వయసు 47. ఆయాసం లేకుండా ముందు ఎక్కి, పైన కూర్చుని ఎదురు చూసిందట. ఆ మాట ఊళ్లో ఇప్పటికీ నలుగుతోంది.

ఇందులో వింత లేదు. ఆమె రోజూ కలుపు కూలికి నడిచి పోతుంది, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తుంది. ఆయన పొలానికి మోటారు సైకిలు మీద పోతారు. సేద్యగాడికి వేరే కసరత్తు ఎందుకని మనవాళ్లు అనుకుంటారు. ఆ రోజులు పోయాయి. దుక్కి ట్రాక్టరు దున్నుతోంది, గట్టు దాకా బండి పోతోంది. రైతు కాలికి మిగిలిన పని ఇంటి మెట్టు దిగడమే.

ఈసారి ఆయన కార్తీకం ముగిసిన మరునాడే మొదలుపెట్టారు. శివరాత్రికి అప్పటికి మూడు నెలలు. మొదటి పదిహేను రోజులు తెల్లవారుజామున కాలువ గట్టు మీద అరగంట ఉత్త నడక. "ఏం మామా, బండి చెడిపోయిందా?" అని ఎగతాళి చేసినవారు చేశారు. తరువాత గంట. ఎక్కుతూ కూడా పక్కవారితో మాట్లాడగలిగేటంత వేగం చాలు. మాట తెగిపోతూంటే తగ్గాలి. రొప్పుతూ పరుగెత్తితే నాలుగో రోజుకు కాలు పట్టుకుని మంచమెక్కడమే.

నెల తిరిగాక ఊరి గుట్ట మీద గుడి మెట్లు. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గాని, మోకాళ్లకు దెబ్బ తగిలేది దిగేటప్పుడు. దిగుతున్నప్పుడు ఒళ్లు ముందుకు పడిపోకుండా తొడ ముందు కండ సాగుతూనే బిగబట్టి ఆపుతుంది. అలవాటు లేని కండకు ఆ పని చెబితే నొప్పి ఆరోజు తెలియదు. మరునాడో, ఆ మరునాడో లేవనివ్వదు. అందుకే ఎక్కడం ఎంతో, నిదానంగా దిగడమూ అంతే అలవాటు చేయాలి. దిగుడులో చేతికర్ర ఉంటే మోకాలి మీద బరువు తగ్గుతుంది. పెద్దలు ఊరికే కర్ర పట్టలేదు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించినట్టు చరిత్ర చెబుతోంది. మెట్లు కట్టించగలిగాడు గాని మోకాళ్లు ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు?

మూట సంగతి చివర. మొదట సంచిలో రెండు కిలోల బియ్యం వేసుకుని నడవాలి. వారానికో కిలో పెంచుకుంటూ పోవాలి. అరవై కిలోల మనిషికి ఆరు కిలోల మూట చాలు. ఒంటి భుజానికి వేలాడే సంచి కంటే రెండు భుజాలకూ తగిలించుకునే బడిపిల్లల సంచి మేలు. వారానికి ఒకటి రెండు రోజులు కాళ్లకు సెలవివ్వాలి. కండ బలపడేది ఆ విశ్రాంతిలోనే. ప్రయాణం ముందురోజు కొత్త చెప్పులు కొన్నవారు పెచ్చెరువు చేరేలోపు బొబ్బలు లెక్కపెట్టుకుంటారు. మాల వేసుకుని ఉత్త కాళ్లతో నడిచేవారు ఆ అలవాటూ ఇంటి దగ్గరే కొంచెం కొంచెంగా చేసుకోవాలి. మధుమేహం ఉన్నవారిలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. ముల్లు దిగినా తెలియదు. అలాంటివారు ఉత్త కాళ్లతో నడవకపోవడమే మంచిది. రాత్రికి దీపం వెలుతురులో పాదాలు చూసుకోవాలి.

అసలు భయం మోకాళ్లది కాదు, గుండెది. బి.పి., షుగరు ఉన్నవారు, బీడీ తాగేవారు, మెట్టెక్కితే ఛాతీ పట్టేసినట్టుండేవారు సాధన మొదలుపెట్టక ముందే డాక్టరుకు చూపించుకోవాలి. మన రైతు చూపించుకున్నారు. బి.పి. ఉన్నట్టు అప్పుడే తెలిసింది. నెలరోజులు మాత్ర పడ్డాకే గుట్ట ఎక్కారు. బీడీలు మానలేదు, తగ్గించారు. ఆ మాట ఆయనే ఒప్పుకున్నారు.

శివరాత్రి ఉపవాసంతో మరో చిక్కు ఉంది. కటిక ఉపవాసం ఉండి షుగరు మాత్ర వేసుకుని నడిస్తే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. అలాగని మాత్ర సొంతంగా మానేయడమూ ప్రమాదమే. ఏ మాత్ర ఎలా వాడాలో ముందే డాక్టరును అడిగి పెట్టుకోవాలి. జేబులో బెల్లం ముక్కో, గ్లూకోజు పొట్లమో ఉండాలి. నడుస్తూ ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో లాగే నొప్పి వస్తే, గ్యాసని సోడా తాగి ముందుకు పోరాదు. అక్కడే కూర్చోబెట్టి, ఎవరినైనా సాయానికి పంపాలి. ఆ అడవిలో 108 బండి రాగల చోట్లు తక్కువ.

మన రైతు మూట ఇప్పుడు అయిదు కిలోలకు వచ్చింది. నెల క్రితం గుట్ట మెట్ల మీద నాలుగుసార్లు ఆగేవారు. నిన్న ఉదయం మేము వెంట వెళ్లినప్పుడు రెండుసార్లు ఆగారు. మేము మూడుసార్లు ఆగాము. ఆయన భార్య అప్పటికే పైన గుడి అరుగు మీద కూర్చుని ఉంది.