ఊరి కబుర్లన్నీ ఒకే కూడలిలో

2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా అయింది. పాత మెదక్ జిల్లా మండలాలకు తోడు కరీంనగర్ నుంచి హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి, వరంగల్ నుంచి చేర్యాల, మద్దూరు వచ్చి చేరాయి. తెల్లవారేసరికి ఎన్నో ఊళ్ల చిరునామా మారిపోయింది. ఆఫీసు కాగితాల సంగతి ఆఫీసులు చూసుకున్నాయి. తెలుగు వికీపీడియాలో ఆ ఊళ్ల పేజీలను మాత్రం జీతం భత్యం లేని ఔత్సాహికులు కూర్చుని దిద్దుకుంటూ పోయారు.

వికీపీడియా అంటే ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వం. తెలుగులో ఇది 2003 డిసెంబరులో మొదలైంది. మన ఊళ్లకూ అందులో పేజీలున్నాయి. జనాభా ఎంత, బడి ఎక్కడ, బస్సు వస్తుందా రాదా అన్న వివరాలు కనిపిస్తాయి. ఎవరైనా దిద్దవచ్చు గనుక ఎవరైనా చెడగొట్టనూ వచ్చు. చెరువు పేరు తప్పు పడినా, సర్పంచి పేరును ఎవరో ఆకతాయి మార్చేసినా ఊరివాళ్లకు తెలిసేదెలా? నాట్లు, కోతలు మానుకొని రోజూ ఆ పేజీ తెరిచి చూసే తీరిక ఎవరికుంటుంది?

ఈ చిక్కుకు విరుగుడు చాలాకాలంగానే ఉంది. దాని పేరు ఫీడ్.

చాటింపు ఇంటి ముందుకే

పంచాయతీ వారు ఒక కబురు చెప్పదలిస్తే జనం ఆఫీసు చుట్టూ తిరగనక్కర లేదు. డప్పు వేసుకుంటూ చాటింపే వాడవాడకూ వస్తుంది. ఫీడ్ చేసే పనీ అదే. ఒక వెబ్‌సైటులో కొత్తగా ఏం చేరిందో శీర్షిక, తేదీ, చిరునామాలతో ఒక చిన్న జాబితా పక్కనే సిద్ధంగా ఉంటుంది. ఆ జాబితా మనుషులు చదివేందుకు కాదు, యంత్రాలు చదివేందుకు. పది సైట్ల జాబితాలను ఒకచోటికి తెచ్చి వరుసగా పేర్చే దానిని సంకలిని అంటున్నారు. ఇంటింటి పాలూ పాలకేంద్రానికి చేరినట్టన్నమాట.

ఆర్‌ఎస్‌ఎస్ అనే ఈ పద్ధతిని 1999లో అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీ తెచ్చింది. మరుసటి ఏడాది దాని కొత్త రూపాన్ని తయారుచేసిన బృందంలో ఆరన్ స్వార్ట్జ్ అనే 14 ఏళ్ల కుర్రవాడు ఉండటం విశేషం.

తెలుగువారు ఈ పద్ధతిని అందిపుచ్చుకోవడంలో వెనుకబడలేదు. తెలుగు బ్లాగులు జోరుగా ఉన్న రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక అనే సంకలినులు నడిచాయి. ఎంత చక్కని పేర్లో చూడండి! నాలుగు దారులు కలిసేది కూడలి, పొల్లు పోగొట్టేది జల్లెడ. ఎవరు ఏ దేశంలో ఏం రాసినా పొద్దున కూడలి తెరిస్తే కనిపించేది. వీటిలో కొన్ని తర్వాత మూతపడ్డాయి. ప్రపంచమంతా వాడిన గూగుల్ రీడర్‌ను కూడా ఆ కంపెనీ 2013 జులై 1న మూసివేసింది.

అప్పట్లో ఇంకో తంటా ఉండేది. తెలుగు పత్రికల సైట్లు ఎవరి అక్షరాలు వారు వాడేవి. ఒకరి వార్తను ఇంకొకచోట చూపబోతే తెలుగుకు బదులు పిచ్చిగీతలు వచ్చేవి. వాటిని అందరికీ పనికివచ్చే యూనికోడ్‌లోకి మార్చడానికి పద్మ అనే ఉపకరణాన్ని తయారుచేసింది వెన్న నాగార్జున. తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టినదీ ఆయనే. ఇప్పుడు యూనికోడ్ స్థిరపడింది గనుక ఆ బెడద దాదాపు తీరింది.

నీటి కిందికి పోయిన ఊళ్లు

ఇదంతా చదువుకున్నవారి సరదా అనుకోవద్దు. మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. దాని సామర్థ్యం 50 టీఎంసీలు. దానికోసం వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్ వంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి కొందరు, వేరే ఊళ్లకు కొందరు వెళ్లారు. అలాంటి ఊరికి ఇప్పుడు రచ్చబండ లేదు, బొడ్రాయి దగ్గర కలుసుకునే వీలూ లేదు. ఊరి పేరు మీద ఒక పేజీ మాత్రం ఉంటుంది. అందులో ఎవరు పాత ఫొటో చేర్చారో, ఎవరు ఏ మాట తీసేశారో చెదిరిపోయిన ఆ ఊరివాళ్లకు తెలియడం చిన్న విషయమేమీ కాదు.

వికీపీడియాలో ప్రతి పేజీకీ చరిత్ర ఉంటుంది. ఏ రోజు ఎవరు ఏం మార్చారో అందులో నమోదవుతుంది. ఆ చరిత్రకు కూడా ఫీడ్ ఉంది! ఇది చాలామందికి తెలియదు.

పెట్టుకోవడం ఎలా?

తెలుగు వికీపీడియా తన ఫీడ్లను బయటికి ఇస్తుంది గాని బయటి ఫీడ్లను తన పేజీల్లో చూపదు. అందుకు ఊరి యువజన సంఘమో, గ్రంథాలయమో, బడి పూర్వ విద్యార్థులో తమ సొంత వికీ పెట్టుకోవాలి. వికీపీడియా నడిచే మీడియావికీ ఉచితంగానే దొరుకుతుంది. దానికి ఆర్‌ఎస్‌ఎస్ అనే పొడిగింపు ఉంది. దానిని దించుకొని పొడిగింపుల ఫోల్డరులో పెట్టాలి. తర్వాత లోకల్‌సెట్టింగ్స్ ఫైలులో దానిని పిలిచే ఒక వాక్యం చేర్చాలి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అంతా సరిగ్గా చేశామంటారు, పేజీలో ఏమీ రాదు. కారణం ఉంది. ఈ పొడిగింపు మొదట ఏ సైటునూ లోనికి రానివ్వదు. ఏయే చిరునామాలు రావచ్చో అనుమతుల జాబితాలో మనమే రాయాలి. ఇది విసుగు పుట్టించినా మంచి కట్టుబాటే. ఎవరైనా దిద్దగల వికీలో ఈ తాళం లేకపోతే ఏ మోసగాడైనా తన సైటును తెచ్చి మీ ఊరి పేజీలో అతికించిపోగలడు. జాబితాలో చేర్చాక పేజీలో రెండు ఆర్‌ఎస్‌ఎస్ గుర్తుల నడుమ ఫీడ్ చిరునామా రాసి భద్రపరిస్తే వరుస కనిపిస్తుంది.

ఇంత యాతన వద్దనుకునే చిన్న సంఘాలకు డోకువికీ నయమని మా అభిప్రాయం. దానికి డేటాబేసు అక్కర లేదు, పేజీలన్నీ మామూలు అక్షరాల ఫైళ్లే. ఫీడ్ చూపే ఏర్పాటు దానిలోనే ఉంది, వేరే పొడిగింపు వెదకనవసరం లేదు.

వచ్చిన కబురు ఆ క్షణాన్నే కనిపించదు. మీడియావికీ పొడిగింపు మామూలుగా ఒక గంటపాటు పాత ప్రతినే చూపుతుంది. తొందరపడి సెట్టింగులు కెలకవద్దు. ఫీడ్లలో తేదీలు సాధారణంగా గ్రీనిచ్ కాలంలో ఉంటాయి, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనుక. మన తెల్లవారుజాము 4 గంటలకు చేసిన మార్పు ముందురోజు తేదీతో కనిపిస్తే కంగారు పడనక్కర లేదు.

తెర మీద ఉన్నదంతా మనది కాదు

ఇంకొకటి తప్పక తెలుసుకోవాలి. ఫీడ్ ద్వారా కనిపించేది మన వికీలో దాచుకున్నది కాదు. అవతలి సైటు మూతపడిన నాడు మన పేజీలో ఆ చోటు కూడా ఖాళీ అవుతుంది. దుబ్బాక నేతగాళ్ల గురించో, చేర్యాల నకాశీ బొమ్మల గురించో మంచి వ్యాసం కనిపిస్తే దానిలోని సమాచారాన్ని మన మాటల్లో రాసి, ఎక్కడిదో చెప్పి, వికీ పేజీగా చేర్చుకోవాలి. వ్యాసాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టడం మాత్రం రచయిత అనుమతి లేకుండా కుదరదు. శీర్షిక, లంకె చూపడం వేరు, సరుకంతా తెచ్చుకోవడం వేరు.

వికీ పెట్టేది సాధారణంగా ఊళ్లో కంప్యూటరు తెలిసిన ఒక్క కుర్రవాడే. అనుమతుల జాబితా మార్చాలన్నా, పొడిగింపును కొత్త చేయాలన్నా సర్వరు తాళం అతని దగ్గరే ఉంటుంది. రేపు అతనికి హైదరాబాదులోనో, బయటి దేశంలోనో ఉద్యోగం వస్తే అడిగే దిక్కుండదు. కాబట్టి సంకేతపదం మొదటి రోజే ఇద్దరి దగ్గర ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఊళ్లోనే ఉండే టీచరో, గ్రంథాలయం చూసుకునేవారో అయితే మరీ మంచిది.