బంతి తిరగాలి, డబ్బా కదలకూడదు

జమ్మలమడుగు నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పాత వీడియో గేములు ఆడుకోడానికి చెక్కతో కంట్రోలర్ చేస్తాండా. జాయ్‌స్టిక్కూ బటన్లూ ఒక పూటలో బిగించేసినా. ట్రాక్‌బాల్ కాడికొచ్చేసరికి మూడు పలకలు చెడిపోయినాయి. వైర్లు రెండుసార్లు చూసుకున్నా, సరిగానే ఉండాయి. యాడ తప్పు జరుగుతాంది?"

వైర్లలో తప్పేం లేదు తమ్ముడూ. తప్పు పలక మందంలో ఉంది. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు మొదట తట్టనిదీ, వడ్రంగికి చూడగానే తట్టేదీ అదే.

ఈ వస్తువు ఎరగనివాళ్ల కోసం రెండు మాటలు. ట్రాక్‌బాల్ అంటే తిరగేసిన పాత మౌసే. ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో మౌస్ మొరాయిస్తే వెల్లకిలా తిప్పి, మూత తీసి, లోపలి బంతిని చొక్కాకు తుడిచి మళ్లీ వేసేవాళ్లం. ఆ బంతినే పెద్దది చేసి చెయ్యి కిందికి తెస్తే ట్రాక్‌బాల్. మన ఊళ్లలో ఇది ఆటవస్తువుగా కనబడదు గానీ, స్కానింగ్ గదిలోకి పోయినవాళ్లు చాలామంది చూసే ఉంటారు. డాక్టరు ఒక చేత్తో కడుపు మీద ప్రోబ్ ఆనించి, రెండో చేత్తో మిషన్ మీది చిన్న బంతిని దొర్లిస్తుంటే తెర మీద గుర్తు జరుగుతూ ఉంటుంది. అదే ఇది.

అసలు పుట్టింది కూడా ఆటల కోసం కాదు. 1952లో కెనడా నౌకాదళానికి డాటార్ అనే వ్యవస్థ తయారుచేస్తున్న టామ్ క్రాన్‌స్టన్, ఫ్రెడ్ లాంగ్‌స్టాఫ్, కెన్యన్ టేలర్ రాడార్ తెర మీద గుర్తులు పెట్టడానికి దీన్ని కట్టారు. బంతి ఎక్కడిదనుకున్నారు? కెనడాలో ఆడే అయిదు పిన్నుల బౌలింగ్ ఆటది. తర్వాత ఆటల మిషన్లలోకి వచ్చింది. అటారీ వాళ్ల ఫుట్‌బాల్ 1978లో, మిస్సైల్ కమాండ్ 1980లో, సెంటిపీడ్ 1981లో. ఈ ఆటలను జాయ్‌స్టిక్‌తో ఆడితే ఉప్పులేని పప్పు తిన్నట్టుంటుంది. కారణం ఉంది. మామూలు జాయ్‌స్టిక్ చెప్పేది "ఎటు" అన్న ఒక్క మాటే. ఎంత వేగంగా, ఎంత దూరం అన్నది బంతి చెబుతుంది. తెర ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క విసురులో పోయి టక్కున ఆగాలంటే అరచేతి కింద బంతి ఉండాల్సిందే.

ఇక పలక సంగతి. గోలీసోడా తలుచుకో. గోలీ సీసా మెడలో అటూ ఇటూ ఆడుతుంది, బయటికి మాత్రం రాదు. మూతి దానికంటే ఇరుకు గనక. ట్రాక్‌బాల్ కూడా అంతే. ఒక ప్లాస్టిక్ పెట్టెలో బంతి కూర్చుని ఉంటుంది, పెట్టె పైన గుండ్రటి కంఠం ఉంటుంది, ఆ కంఠం బంతి నడుము కంటే ఇరుకు. బంతిని పట్టి ఉంచే పని ఆ కంఠానిది. నీ చెక్కది కాదు. చెక్క చేయాల్సిందల్లా పెట్టెను మోయడం, బంతికి అడ్డం రాకుండా ఉండడం.

మరి పలకలెందుకు చెడ్డాయి? పెద్ద సైజు బంతి మూడంగుళాలు, అంటే 76 మిల్లీమీటర్లు. అది కంఠం పైకి 25 మిల్లీమీటర్లు లేచి ఉందనుకుందాం. నువ్వు వాడింది 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. రంధ్రం చేసి పెట్టెను కింది నుంచి అలాగే బిగిస్తే 25లో 18 చెక్కే మింగేసింది, పైకి మిగిలేది ఏడు. బావిలోంచి తొంగిచూసే కప్పలా ఉంటుంది బంతి, అరచెయ్యి ఆనదు. చెయ్యి ఆనడం లేదని రంధ్రం పెద్దది చేసి ఉంటావు. అప్పుడు చుట్టూ సందు పడి వేళ్లు ఇరుక్కుంటాయి, బంతి మాత్రం ఒక్క వెంట్రుక వాసి కూడా పైకి రాదు. నీ మూడు పలకల కథ ఇదేనని నా అనుమానం.

దారి ఏమిటంటే, పలకను కింది వైపు నుంచి తొలవాలి. పెట్టె కూర్చునేంత మేర మాత్రమే, 12 మిల్లీమీటర్లు తీసేసి ఆరు ఉంచు. ఇప్పుడు బంతి 19 మిల్లీమీటర్లు పైకి నిలుస్తుంది. కంఠం దగ్గర బంతి వెడల్పు లెక్కగడితే 72కు కాస్త తక్కువ వస్తుంది, కాబట్టి రంధ్రం 74 చాలు, చుట్టూ ఒక మిల్లీమీటరు పైచిలుకు ఖాళీ. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికే. నీ దగ్గరున్న యూనిట్‌ను వెర్నియర్‌తో కొలిచి నీ అంకెలు నువ్వు రాసుకో. ప్రొద్దుటూరులో వెర్నియర్ కోసం వెతకాల్సిన పని లేదు. బంగారు పనివాళ్ల ఊరు, వెంట్రుక మందం తేడా వస్తే నగ వెనక్కి పంపే ఊరు.

తొలవడానికి రౌటర్ మిషన్ ఉంటే అరగంట పని. లేకపోతే ఉలి, ఓపిక. ప్లైవుడ్‌తో ఒక సుఖం ఉంది. దాని పొరలే కొలబద్ద. ఒక్కో పొర లేచేకొద్దీ కింద జిగురు గీత కనిపిస్తుంది, గుంత అంతటా ఒకే గీత కనబడితే లోతు సమంగా ఉన్నట్టే. గుండ్రటి రంధ్రం సంగతి వేరు. హోల్‌సాతో ఒకే వైపు నుంచి పొడిచేస్తే అవతలి ముఖాన పెచ్చులు లేస్తాయి. నడిమి సన్న బెజ్జం ముందు వేసుకుని, సగం పై నుంచి, సగం కింది నుంచి కొయ్యాలి. క్రమం కూడా ముఖ్యం. రంధ్రం ముందు, గుంత తర్వాత. మందం తగ్గిన చెక్క మీద హోల్‌సా పెడితే పలక అదిరి పగులుతుంది.

బిగించేటప్పుడు చెక్క స్క్రూలు వద్దు. మిగిలింది ఆరు మిల్లీమీటర్లు, అందులో మర ఎంత పట్టుకుంటుంది? మిస్సైల్ కమాండ్ ఆడేవాడు బంతిని తిప్పడు, చరుస్తాడు. వందో దెబ్బకు స్క్రూ బొక్క అరిగి పెట్టె వేలాడుతుంది. తల గుండ్రంగా, దాని కింద మెడ చదరంగా ఉండే బోల్టులు ఇనుప సామాన్ల అంగట్లో దొరుకుతాయి. పై నుంచి దించి కింద వాషరు, నట్టు వేసి బిగిస్తే చదరపు మెడ చెక్కను కరిచి పట్టుకుంటుంది. తల మీద గాడి ఉండదు, అరచేతికి గీరుకోదు.

నేను చేసిన బుద్ధితక్కువ పని కూడా చెప్పాలి. మొదటిసారి పైముఖం మీద కంపాసుతో ఎంతో ముచ్చటగా గీసుకున్నాను, బంతి నడిమధ్య, జాయ్‌స్టిక్ ఎడమ పక్క, బటన్లు కుడి పక్క. అంతా కోశాక తిరగేసి చూస్తే ట్రాక్‌బాల్ పెట్టె మూల వెళ్లి జాయ్‌స్టిక్ ఇనుప రేకు మీద కూర్చుంది. పైన కనిపించేది రూపాయంత, కింద పెట్టె రొట్టెంత! అప్పటి నుంచి ముందు అట్ట మీద పూర్తి కొలతలతో కింది ముఖం గీస్తాను, సామాన్లన్నీ దాని మీద పేర్చి చూస్తాను, ఆ తర్వాతే చెక్క ముట్టుకుంటాను. ఇంకో మాట. బంతి ముందూ వెనకా చెయ్యి ఊపడానికి జానెడు చోటు వదలాలి. విసిరిన చెయ్యి పోయి బటన్‌కు గుద్దుకుంటే ఆట కంటే ముందు వేలు ఓడిపోతుంది.

పెట్టెను మూలమట్టం పెట్టి నిక్కచ్చిగా నిలపాలి. ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి. బంతి రెండు రోలర్ల మీదా ఒక బేరింగు మీదా ఆని ఉంటుంది. రోలర్లు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి, ఒకటి అడ్డ కదలికను, ఇంకొకటి నిలువు కదలికను పట్టుకుంటుంది. పెట్టె కాస్త వంకరగా బిగిస్తే నువ్వు నేరుగా తోసినా తెర మీద గుర్తు ఏటవాలుగా పోతుంది.

ప్రతి రోలరు చివరా గాడులున్న చిన్న చక్రం, దాని పక్కన వెలుతురును చూసే రెండు కళ్లు. ఒక కన్ను చాలదా అంటే చాలదు. ప్రొద్దుటూరు జమ్మలమడుగు దారిలో పక్కపక్కనే రెండు టీ అంగళ్లున్నాయనుకో. బస్సు దాటిందని ఒక్క అంగడివాడే ఫోన్ చేస్తే ఎటు పోతోందో నీకు తెలియదు. ఇద్దరూ చేస్తే, ముందు ఎవరి ఫోన్ వచ్చిందో దాన్ని బట్టి దిక్కు తెలిసిపోతుంది. రెండు కళ్లూ చేసేది అదే. అందుకే అడ్డానికి రెండు, నిలువుకు రెండు, కరెంటుకు రెండు, మొత్తం ఆరు వైర్లు. గుర్తు ఎడమకు పోవాల్సింది కుడికి పోతోందంటే ఆ జతలోని రెండు వైర్లు తారుమారు చేస్తే సరిపోతుంది. ఆ ఆరింటినీ యూఎస్‌బీ మౌస్‌గా మార్చే చిన్న బోర్డులు దొరుకుతాయి. ఆర్డుయినో ప్రో మైక్రో బోర్డుతో ప్రోగ్రామ్ సొంతంగానూ రాసుకోవచ్చు. అటు కంప్యూటర్‌లో పాత ఆటలు ఆడించే మేమ్ అనే ప్రోగ్రామ్‌లో మౌస్‌ను ఆన్ చేయడం మరిచిపోవద్దు.

పులివెందుల నుంచి ఇంకొకరి ఫిర్యాదు: కొన్న కొత్తలో బాగుంది, ఇప్పుడు బంతి జారుతోంది, నూనె వేసినా తగ్గలేదు. నూనె వేసినందుకే తగ్గలేదు స్వామీ! బంతి రోలరును తిప్పేది రాపిడితో. రోలరు మీద నూనె పడితే రాపిడి పోయింది, బంతి ఉత్తగా జారుతుంది. మన ఎండల్లో, మన దుమ్ములో చేతి చెమటా ధూళీ కలిసి రోలరు నడుముకు నల్లటి పట్టీలా కడుతుంది. పెట్టె విప్పి దాన్ని గోటితో గీకి, స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవాలి. నూనె అవసరమైతే బేరింగులకే, అదీ సూది మొనంత.

జమ్మలమడుగు తమ్ముడు చివర్లో అడిగిన చిన్న ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది. బంతిని గట్టిగా చరిస్తే డబ్బా మొత్తం బల్ల మీద జరుగుతోందట. బరువు చాలక. నాపరాళ్ల గనుల మధ్య కూర్చుని బరువు కోసం అడుగుతున్నాడు! రెండు సెంటీమీటర్ల మందం కడప బండ, ముప్పై సెంటీమీటర్ల పొడవు, ఇరవై వెడల్పు కోయించి డబ్బా అడుగున బిగిస్తే మూడు కిలోలకు పైగా తూగుతుంది. బండకూ బల్లకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు అతికించు, లేకపోతే మీ అమ్మ ముందు బల్ల మీద గీతలు చూస్తుంది, తర్వాత నిన్ను చూస్తుంది.