బ్యాకప్ ఆన్‌లో ఉంటే చాలదు.. సెట్టింగుల్లో ఏముందో చూడాలి

2022 నవంబరు 23న దిల్లీలోని ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని దుండగులు ఎన్‌క్రిప్ట్ చేసి, తెరుచుకోకుండా చేశారు. ఓపీ నమోదు నుంచి పరీక్షల నివేదికల వరకు కొన్ని రోజుల పాటు కాగితాలపైనే నడిచాయి. అయినా ఈ-హాస్పిటల్ సమాచారం తిరిగి దక్కింది. దాడి ప్రభావం పడని బ్యాకప్ సర్వర్ నుంచి దాన్ని పునరుద్ధరించినట్లు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

ఇందులో కీలకమైన మాట ‘ప్రభావం పడని’. ఇళ్లలో, దుకాణాల్లో, చిన్న కార్యాలయాల్లో వాడే కంప్యూటర్లకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. నకలు ఉందా అన్నదొక్కటే కాదు, అసలు పోయిన రోజున ఆ నకలు మిగులుతుందా అన్నది చూసుకోవాలి. దాన్ని తేల్చేది బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో చాలామంది ఒక్కసారి కూడా తెరవని ప్రిఫరెన్సెస్ పేజీ.

మొదట తేల్చుకోవలసింది ఏయే ఫైళ్లకు నకలు తీస్తోందన్నది. ఈ విషయంలో రెండు ప్రధాన సాధనాల స్వభావం పూర్తిగా భిన్నం. యాపిల్ కంప్యూటర్లలో 2007 నుంచి ఉన్న టైమ్ మెషీన్, మినహాయించమని చెప్పినవి తప్ప వినియోగదారుడి ఫైళ్లన్నింటినీ భద్రపరుస్తుంది. అయితే బయటి నుంచి తగిలించిన డ్రైవ్‌లు మొదటి నుంచే మినహాయింపు జాబితాలో ఉంటాయి. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ దీనికి తలకిందులు. దాన్ని మనమే ఆన్ చేయాలి. చేశాక కూడా డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి లైబ్రరీలు, డెస్క్‌టాప్ తదితర కొన్ని చోట్లనే చూస్తుంది. వేరే చోట ఉన్న ఫోల్డర్‌ను విండోస్ 11లో ఏదో ఒక లైబ్రరీలో చేర్చితే తప్ప పట్టించుకోదు.

మన దగ్గర చిక్కంతా ఇక్కడే. ముఖ్యమైనవన్నీ ‘డి’ డ్రైవ్‌లో దాచుకోవడం చాలామందికి అలవాటు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ల లెక్కలు తరచూ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో కాక వేరే చోట ఉంటాయి. తెలుగు డీటీపీ కేంద్రాలకు మరో ఇబ్బంది కూడా ఉంది. యూనికోడ్ కాని అను ఫాంట్లతో కూర్చిన పుస్తకం ఫైలు భద్రంగా ఉన్నా, ఫాంటు పోతే తెరపై అక్షరాలకు బదులు అర్థం కాని రోమన్ గుర్తులే కనిపిస్తాయి. ఫాంట్లు ఉండేది విండోస్ సిస్టమ్ ఫోల్డర్‌లో కాబట్టి పత్రాల బ్యాకప్‌లోకి అవి రావు. విడిగా చేర్చుకోవలసిందే. ఇలాంటి అవసరాన్ని ఏ సాఫ్ట్‌వేర్ తయారీదారూ మన కోసం ముందుగా ఊహించి పెట్టరు.

తర్వాతది నకలు ఎక్కడికి వెళ్తోందన్నది. ‘సి’ డ్రైవ్‌లోని ఫైళ్లను ‘డి’ డ్రైవ్‌లోకి కాపీ చేయడం బ్యాకప్ కాదు. సాధారణంగా అవి ఒకే డిస్క్‌లోని రెండు భాగాలు. డిస్క్ చెడితే రెండూ పోతాయి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మేలే కానీ దాన్ని నిత్యం తగిలించి ఉంచితే మరో ముప్పు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపేసిన వానాక్రై, కంప్యూటర్‌కు అనుసంధానమై ఉన్న డ్రైవ్‌ల్లోని ఫైళ్లనూ ఎన్‌క్రిప్ట్ చేసింది. విండోస్ దాచుకున్న షాడో కాపీలను తుడిచేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని నాడు దాని బారిన పడ్డాయి. అందుకే వారానికోసారైనా నకలు తీసి, విప్పి పక్కన పెట్టే రెండో డిస్క్ ఉండడం అవసరం. గూగుల్ డ్రైవ్ వంటి క్లౌడ్ సేవల్లో సింక్ అయినంత మాత్రాన నిశ్చింత లేదు. కంప్యూటర్‌లో చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ ట్రాష్‌లో అది ఉండేది 30 రోజులే.

ఆ గడువు చాలా, చాలదా అన్నది తప్పు ఎప్పుడు బయటపడుతుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. నవంబరులో చెడిన లెక్కల ఫైలు సంగతి మార్చిలో ఖాతాలు ముగించేటప్పుడు తెలిస్తే, నిన్నటి నకలులోనూ ఉండేది ఆ చెడిన ఫైలే. టైమ్ మెషీన్ గడచిన 24 గంటలకు గంటకొకటి, గడచిన నెలకు రోజుకొకటి, అంతకు ముందు కాలానికి వారానికొకటి చొప్పున నకళ్లు ఉంచి, డిస్క్ నిండినప్పుడు పాతవాటిని తొలగిస్తుంది. ఫైల్ హిస్టరీ మామూలుగా గంటకోసారి నకలు తీస్తుంది. దాన్ని 10 నిమిషాల నుంచి రోజుకోసారి వరకు మార్చుకోవచ్చు. పాత ప్రతులను ఎప్పటికీ ఉంచే ఏర్పాటు మొదట ఉంటుంది. స్థలం కోసం దాన్ని ఒక నెలకు కుదించే ముందు ఆ మార్చి లెక్కలను గుర్తు తెచ్చుకోవాలి.

వేళ విషయం చిన్నదే. కొన్ని సాఫ్ట్‌వేర్లలో రాత్రి 2 గంటలకు బ్యాకప్ జరిగేలా పెడతారు. సాయంత్రం స్విచ్ ఆపేసి వెళ్లే కార్యాలయంలో అది ఏనాడూ జరగదు. పని వేళలకు మార్చుకోవాలి, లేదా తప్పిన బ్యాకప్‌ను కంప్యూటర్ తెరవగానే మొదలుపెట్టే ఎంపికను టిక్ చేయాలి. నకలును ఎన్‌క్రిప్ట్ చేసేవారు పాస్‌వర్డ్‌ను ఆ కంప్యూటర్‌లోనే కాకుండా వేరే చోట కూడా రాసిపెట్టుకోవాలి. అది పోతే నకలు కూడా పోయినట్లే.

బ్యాకప్ విఫలమైతే ఎవరికి తెలుస్తుందన్నది అన్నింటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యే సెట్టింగు. సాఫ్ట్‌వేర్ నిపుణులే నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున ప్రధాన డేటాబేస్‌ను చెరిపేశారు. రోజూ జరుగుతోందనుకున్న బ్యాకప్ కోసం వెతికితే అక్కడ ఏమీ లేదు. వెర్షన్ తేడా వల్ల అది విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పవలసిన ఈ-మెయిళ్లను మెయిల్ సర్వర్ తిరస్కరించడంతో ఎవరికీ తెలియలేదు. అనుకోకుండా వేరే అవసరానికి తీసి ఉంచిన ఆరు గంటల కిందటి నకలు దొరకడంతో నష్టం ఆ మేరకే పరిమితమైంది. ఆ వివరాలన్నీ సంస్థే బహిరంగంగా ప్రకటించింది.

కాబట్టి సెట్టింగులు మార్చిన రోజునే ఒక పరీక్ష చేయడం మంచిది. కనీసం నెల కిందటి ఫైలొకటి ఎంచుకుని, అసలు దాని మీద పడకుండా కొత్త ఫోల్డర్‌లోకి పునరుద్ధరించి, తెరిచి చదవాలి. అకౌంటింగ్ ఫైలైతే వీలుంటే మరో కంప్యూటర్‌లో తెరిచి ఆఖరి పద్దు తేదీ చూడాలి. డీటీపీ ఫైలైతే ఫాంట్లను కూడా నకలు నుంచే ఎక్కించి చూడాలి. ఇదంతా అరగంట పని.