ఆర్కేడ్ వీడియో గేములు: వాని రకములు, వాని సూత్రములు

విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చు మంగళవారమున విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. మన ప్రాంతపు ఇట్టి జాతరలలో పెద్దల చూపు ఊరేగింపు మీద ఉండును. పిల్లల చూపు ఆటల అంగళ్ళ మీద ఉండును. ఒకచోట బల్లకు కట్టిన బుడగలను గాలి తుపాకితో పేల్చవలెను. వేరొకచోట పేర్చిన సామానుమీదికి రింగు విసరవలెను. రుసుము స్వల్పము, అవకాశములు కొద్ది, అవి ముగియగానే మరల డబ్బు చెల్లించవలెను. ఈ మూడు షరతులను గుర్తుంచుకొన్నచో ఆర్కేడ్ వీడియో గేము స్వభావము సగము తెలిసినట్లే.

ఆర్కేడ్ అనగా కమానుల వరుస గల నడవ. అట్టి నడవలలో అంగళ్ళు ఉండెడివి. కాలక్రమమున నాణెము వేసి ఆడు యంత్రములు గల శాలకు ఆ పేరు స్థిరపడెను. మనిషి ఎత్తు పెట్టె, అందులో టెలివిజన్ వంటి తెర, ముందు ఒక పిడి, కొన్ని బొత్తాములు, క్రింద నాణెము వేయు రంధ్రము: ఇదియే ఆ యంత్రము. ఇప్పుడు ఆ పాత ఆటలలో పెక్కింటిని సెల్‌ఫోనులోనే ఆడవచ్చును.

మా కళాశాలలో ఒక విద్యార్థి అట్టి ఆట ఒకటి ఆడి, “మాస్టారూ, ఆఖర్న మిగిలిందొక్కటే అంత జోరుగా పరిగెడతాదేటండీ?” అని అడిగెను. నేను ఫోను లోపల పెట్టుమని మందలించితిని. ఇంటికి పోయి ఆలోచింపగా అది మంచి ప్రశ్న అని తోచెను. దానికి జవాబు చెప్పుటకే ఈ వ్యాసము.

పైకి ఎన్ని రకములుగా కనిపించినను ఈ ఆటలన్నింటికిని మూల పదార్థములు నాలుగే. మొదటిది స్థానము. తెరమీది ప్రతి వస్తువునకును అడ్డముగా ఒక సంఖ్య, నిలువుగా ఒక సంఖ్య ఉండును. మనము గ్రాఫు కాగితముమీద బిందువును గుర్తించు పద్ధతియే ఇది. రెండవది కాలము. సెకనుకు సుమారు 60 మారులు తెరమీది బొమ్మ క్రొత్తగా గీయబడును. మూడవది తాకిడి. రెండు వస్తువుల స్థానములు ఒకదానిపై ఒకటి పడినవా లేదా అని యంత్రము చూచును. నాలుగవది లెక్క, అనగా సాధించిన పాయింట్లు, మిగిలిన అవకాశములు. ఇక ఆటల భేదమంతయు ఈ నాలుగింటిని కూర్చు నియమములలోనే కలదు.

1972లో అమెరికాలోని అటారీ కంపెనీ ‘పాంగ్’ అను ఆటను విడుదల చేసెను. దానిని నిర్మించినవాడు అలన్ ఆల్కార్న్ అను ఇంజనీరు. తెరకు రెండు ప్రక్కల రెండు బ్యాట్లు, నడుమ ఒక బంతి. అందులో కంప్యూటరు లేదు. తర్క వలయములతోనే అంతయు నడచెను. క్యారమ్ బల్ల అంచుకు తగిలిన బిళ్ళ, వచ్చిన కోణముననే ఇంచుమించుగా తిరిగి పోవును. పాంగ్‌లో అట్లు కాదు. బ్యాటు 8 భాగములుగా విభజింపబడినది. బంతి ఏ భాగమునకు తగిలినదో దానినిబట్టి తిరుగు కోణము నిర్ణయమగును. అనగా తెరమీది ప్రపంచమునకు సూత్రము ప్రకృతి ఇచ్చినది కాదు, మనిషి పెట్టినది.

రెండవ రకము కాల్పుల ఆట. ఇది మన బుడగల అంగడికి దగ్గర చుట్టము. 1978లో జపానులోని టైటో కంపెనీకై తొమొహిరో నిషికాడో ‘స్పేస్ ఇన్‌వేడర్స్’ను రూపొందించెను. 5 వరుసలలో, వరుసకు 11 చొప్పున 55 మంది ఆకాశ శత్రువులు క్రిందికి దిగుచుందురు. మా విద్యార్థి అడిగినది ఈ ఆటను గురించియే. ఆ యంత్రములోని ప్రాసెసరు ఒక్కొక్క బొమ్మకు ఒక్క శత్రువును మాత్రమే జరుపగలదు. 55 మందియు ఒక్క అడుగు వేయుటకు 55 బొమ్మలు, అనగా సుమారు 0.9 సెకను పట్టును. పది మందియే మిగిలినచో సెకనులో ఆరవ వంతు చాలును. ఒక్కడే మిగిలినచో సెకనుకు 60 మారులు కదలును! యంత్రము యొక్క అశక్తతయే ఆటకు ఉత్కంఠ అయినది. నిషికాడో దానిని గమనించి, సరిదిద్దక, అట్లే ఉంచెను.

మూడవ రకము చిక్కుదారులలో తరుముడు ఆట. 1980లో నామ్‌కో కంపెనీలో తోరు ఇవటాని రూపొందించిన ‘పాక్‌మాన్’ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. నాలుగు దయ్యములు మనలను తరుమును. చూచువారికి అవి ఇష్టము వచ్చినట్లు తిరుగునట్లుండును. కాని ఒక్కొక్కదానికి ఒక్కొక్క నియమము కలదు. ఎర్రది మనమున్న గడికే వచ్చును. గులాబి రంగుది మనకు నాలుగు గడులు ముందు కాపు వేయును. నీలిది మన స్థానమును, ఎర్రదాని స్థానమును రెండింటిని లెక్కించును. నారింజ రంగుది దూరమున ఉన్నప్పుడు తరుమును, దగ్గరకు రాగానే తన మూలకు మరలును. పులి–మేకల ఆటలో ఎదుటివాని ఎత్తు కనిపెట్టినట్లు, ఈ నియమములను కనిపెట్టినవారు గంటల తరబడి ఆడగలిగిరి. అయినను 256వ దశలో తెర కుడి సగము చెదరిపోవును. ఎనిమిది ద్విసంఖ్యాస్థానములలో 0 నుండి 255 వరకే పట్టును గదా!

తక్కిన రకములను క్లుప్తముగా చూతము. 1981లో నింటెండో కంపెనీకై షిగేరు మియమోతో రూపొందించిన ‘డాంకీ కాంగ్’లో ఎక్కుట, దుముకుట ప్రధానము, కోతికొమ్మచ్చి ఆడిన పిల్లలకు ఇది తెలిసినదే. 1982 నాటి ‘పోల్ పొజిషన్’ పందెపు కారు ఆట. దీనికి స్టీరింగును కాలి మీటయు అమర్చిరి. 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా తలపడుదురు, కావున నియమము తెలిసిన చాలదు, ఎదుటివాని మనసు తెలియవలెను. 1998 నాటి ‘డాన్స్ డాన్స్ రివల్యూషన్’లో సంగీతమునకు తగినట్లు కాళ్ళతో బాణపు గుర్తులను త్రొక్కవలెను.

అమరికల ఆటకు ‘టెట్రిస్’ ఉదాహరణ. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దీనిని 1980వ దశకపు నడుమ కంప్యూటరుకై వ్రాసెను. 1988లో ఇది నాణెపు యంత్రములకు ఎక్కెను. నాలుగేసి చదరములతో ఏర్పడు ఆకృతులు ఇందులో ఏడు. ఏడింటిని ఒక్కొక్కటి చొప్పున తీసికొన్నచో 28 చదరములగును. వానితో 4×7 దీర్ఘ చతురస్రము కూర్చగలమా? కూర్చలేము. చదరంగపు బల్లవలె నలుపు, తెలుపు వేసినచో దీర్ఘ చతురస్రములో 14 నలుపు, 14 తెలుపు ఉండును. ఆరు ఆకృతులు రెండేసి నలుపు, రెండేసి తెలుపు కప్పును. ‘టి’ ఆకృతి మాత్రము మూడు ఒక రంగు, ఒకటి మరొక రంగు కప్పును. కావున మొత్తము 15, 13 అగునే గాని 14, 14 కాదు.

ఇక నాణెము సంగతి. పాక్‌మాన్ పెట్టె లోపల చిన్న మీటలు కొన్ని కలవు. వానితో యజమాని ఆటగానికి 1, 2, 3 లేక 5 అవకాశములు ఇయ్యవచ్చును. అదనపు అవకాశమును 10,000 పాయింట్లకు, 15,000కు లేక 20,000కు ఇయ్యవచ్చును, అసలు ఇయ్యకపోవచ్చును. అనగా ఒకే ఆట ఒక ఊరిలో సులభముగను, మరొక ఊరిలో కఠినముగను ఉండును. ఆ సంగతి తెలియని పిల్లవాడు ఓడినప్పుడు తన చేతకానితనమని తలచి, జేబులోని మరియొక నాణెము తీయును. ప్రయోగ పరిస్థితులు తెలియక ఫలితములను పోల్చరాదని మనము ప్రయోగశాలలో చెప్పు మాట ఇచ్చటను వర్తించును. నేటి సెల్‌ఫోను ఆటలలో ప్రకటనలు చూపుచు, అదనపు అవకాశములను డబ్బుకు అమ్ముచు ఉండునవి ఎన్నియో కలవు. నాణెపు రంధ్రము కంటికి కనిపించకపోయినంత మాత్రమున అది లేదని భావింపరాదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక పని చేయింపవచ్చును. ప్రతి విద్యార్థియు తనకు తెలిసిన ఒక ఆటను తీసికొని మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను: అందలి నియమములేవి? ఆట ఎంతసేపటికి, దేనివలన ముగియును? ముగిసినప్పుడు అది మననుండి ఏమి కోరును? మా విద్యార్థి ఈ మూడింటికిని జవాబు వ్రాసి తెచ్చెను. ఈమారు ఫోను బయటనే ఉంచుమంటిని.