రంగం పోయినవారు, విశాఖకు వచ్చినవారు

విశాఖపట్నంలో కంచరపాలెం వైపు పోతే బర్మా క్యాంపు అనే పేట ఉన్నది. ఆ పేరు ఎట్లా వచ్చినదని మొన్న మా తరగతిలో అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయినారు. అదే గంటలో ఒక విద్యార్థి లేచి, ‘‘మాస్టారూ, బయటి రాష్ట్రాలవాళ్లు వచ్చి మన పనులన్నీ తన్నుకుపోతున్నారండీ’’ అన్నాడు. అతని తాతగారి పొలం ఉక్కు కర్మాగారానికి పోయినది. కనుక అది ఊరక అన్న మాట కాదు. అయితే నా మొదటి ప్రశ్నకు జవాబు తెలిసి ఉంటే, అతడు ఈ మాటను మరొక విధంగా అని ఉండేవాడని నాకు తోచినది.

ఉత్తరాంధ్రలో పాతకాలపు పెద్దలకు ‘రంగం’ అంటే నాటకరంగమూ కాదు, యుద్ధరంగమూ కాదు. నాటి బర్మా రాజధాని రంగూను. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనది. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట అక్కడి బియ్యానికి ఐరోపాలో గిరాకి హెచ్చినది. ఐరావతీ నది డెల్టాలో అడవులు కొట్టి వరిపొలాలు చేసినారు. కోతలకు, రైసుమిల్లులకు, ఓడలలోకి బస్తాలెత్తడానికి మనుషులు కావలసి వచ్చినారు. ఇక్కడ మన జిల్లాలలో చూస్తే వాననే నమ్ముకొన్న సేద్యం, జమీందారీ శిస్తులు, అప్పులు, నడుమ నడుమ కరవు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవులనుంచి పొగఓడలు రంగూనుకు నడిచేవి. విశాఖ హార్బరు తెరచినది 1933లో గదా! అంతకు పూర్వం ప్రయాణికులు పడవలలో అలలు దాటి, దూరాన నిలిచిన ఓడనెక్కవలసినదే. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరుమీద, అక్కడ తెలుగు కూలీలందరికీ ‘కోరంగీలు’ అనే పేరు స్థిరపడినది.

1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు పది లక్షలకు పైగా తేలినారు. అంటే నూటికి ఏడుగురు. రంగూను నగరంలో మాత్రం నాలుగు లక్షల జనంలో సగానికి మించి భారతీయులే. తన దేశపు రాజధానిలో తానే అల్పసంఖ్యాకుడైనవాని మనసు ఎట్లా ఉంటుందో పాఠకులు ఊహించుకోవచ్చును.

ఈ కూలీలను తీసుకుపోయినవాడు మేస్త్రీ. అతడు ఊళ్లోనే కొంత సొమ్ము ముందుగా ఇచ్చి, ఓడఖర్చు భరించేవాడు. ఆ బాకీ తీరేవరకు కూలీ అతని చేతిలో మనిషి. యజమాని ఇచ్చిన కూలి మేస్త్రీ చేతిమీదుగా, అతని వాటా పోగా, కూలీకి చేరేది. తెలుగువాడు తక్కువ కూలికి ఒప్పుకొన్నది ఆశవల్ల కాదు, అప్పువల్ల. స్థానికునికి మాత్రం చవకగా పనిచేసే పరదేశియే కనబడినాడు. మేస్త్రీ పద్దుపుస్తకం కనబడలేదు.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేసినారు. ఎగుమతి కంట్రాక్టరులు వారికి బదులు బర్మీయులను పెట్టుకొన్నారు. సమ్మె పరిష్కారమై మనవారు తిరిగి రాగానే బర్మీయులను పొమ్మన్నారు. మే 26న మొదలైన దొమ్మీలలో నూరుమందికి పైగా చనిపోయినారు. వారిలో అత్యధికులు భారతీయులు. పేదవాడు పేదవాని మీద పడినాడు. ఇద్దరినీ వంతులవారీగా వాడుకొన్నవారికి దెబ్బ తగలలేదు.

అయినా బర్మీయుల బాధ అబద్ధం కాదు. ధాన్యం ధర పడిపోయి రైతులు అప్పులు తీర్చలేకపోయినారు. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో 1930లో నూటికి ఆరువంతుల భూమి చెట్టియార్ల చేతిలో ఉండగా, 1937 నాటికి అది నాలుగవ వంతైనది. వడ్డీవ్యాపారి వేరు, విశాఖనుంచి పోయిన మూటకూలీ వేరు. భూమి పోయిన రైతు కోపంలో ఆ భేదం నిలువలేదు.

1941 డిసెంబరులో జపానువారి బాంబులు రంగూనుమీద పడినవి. లక్షలాది భారతీయులు అరకాను, మణిపూరు దారులలో కాలినడకను కొండలు దాటినారు. వేలాదిమంది దారిలోనే రాలిపోయినారు. 1964లో సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడు మరల సుమారు మూడు లక్షలమంది కూడబెట్టినదంతా వదలి కట్టుబట్టలతో బయలుదేరినారు. అట్లా తిరిగివచ్చినవారు విశాఖలో నిలిచిన చోటే బర్మా క్యాంపు. అక్కడ కోరంగీలైనవారు ఇక్కడ ‘బర్మావాళ్లు’ అయినారు. పరదేశులు పోతే తాము బాగుపడతామన్న బర్మీయుల ఆశయూ ఫలించలేదు. యుద్ధానికి పూర్వం ప్రపంచంలోకెల్లా ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన ఆ దేశం ఆ స్థానాన్ని నిలుపుకోలేకపోయినది. దానికి కారణాలు అనేకం. కాని వెళ్లగొట్టడం వాటిలో దేనికీ మందు కాలేదు.

ఇప్పుడు మన నగరాన్ని చూడండి. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం చుట్టూ శ్రీకాకుళం, విజయనగరం, ఒడిషా, బీహారు, బెంగాలు ప్రాంతాలవారు చేరినారు. భూములిచ్చిన పల్లెలవారు సొంతగడ్డ మీదనే నిర్వాసితులైనారు. మా విద్యార్థి తాత రంగూను రైతువంటివాడు. దూరదేశంనుంచి కంట్రాక్టరు తెచ్చిన కూలీ మన ముత్తాతవంటివాడు. వీరిద్దరిలో ఎవరు మంచివారని అడగడం పొరపాటు. కూలి ఎవరు నిర్ణయిస్తున్నారు, నడుమ ఎవరు తింటున్నారు అని అడగవలె. ఒకే పనికి స్థానికునికి ఎంతో వలసవచ్చినవానికీ అంతే ఇవ్వవలెనని, 2025 వరకు అమలులో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం విధించినది. ఆ నియమం వలసవానికి దయ చూపడానికి మాత్రమే కాదు. చవక కూలీని చూపి స్థానికుని కూలి తగ్గించకుండా అతనికీ అదే రక్షగా ఉండేది.

ఉపాధ్యాయ సోదరులకు ఒక్క మనవి. ఇంటిలోని పెద్దలను అడిగి, తమ వంశంలో ఎవరు ఏ ఊరినుంచి ఏ ఊరికి, ఎందుకు పోయినారో వ్రాసుకొని రమ్మని పిల్లలకు చెప్పండి. మా తరగతిలో ఆ పని చేయించినాను. మరునాడు ఆ విద్యార్థి తెచ్చిన కాగితంలో మొదటి పంక్తి ఇది: ‘‘మా ముత్తాతగారి అన్న రంగం పోయి తిరిగి రాలేదు.’’