మానమంటే సరిపోదు, మానడం నేర్పాలి

పొగాకు ప్రాణం తీస్తుందని తెలియని డాక్టరు ఉండడు. అయినా 2016-17 జాతీయ సర్వేలో, అంతకుముందు ఏడాదిలో వైద్యం కోసం వెళ్లిన బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లలో మానేయమన్న సలహా అందింది 48.8 శాతానికే. ఖైనీ, గుట్కా వాడేవాళ్లలో అయితే 31.7 శాతానికే. పొగతాగేవాళ్లలో సగానికి పైగా మందికి మానాలన్న ఆలోచన ఉందని అదే సర్వేలో చెప్పారు. మానాలనుకునే మనిషి ఎదురుగా కూర్చున్నా ఆ మాట రావడం లేదంటే, డాక్టర్లకు దయ లేదని కాదు. పొగాకు తెచ్చే జబ్బుల గురించి వాళ్లు పుస్తకాలకు పుస్తకాలు చదివారు. అలవాటు మాన్పించడం మాత్రం బీపీ చూడటంలా చేతికి పట్టుబడేదాకా సాధన చేయలేదు.

ఆ సాధన ప్రశ్నతోనే మొదలవ్వాలి. ‘పొగ తాగుతారా?’ అని అడిగితే, దవడలో ఖైనీ పెట్టుకున్నాయన ‘లేదండీ’ అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, జర్దా అని పేరుపేరునా అడగాలి. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దమ్మను అడగడమే కాదు, నోరు తెరిపించి అంగిలి కూడా చూడాలి. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి బీడీ వెలిగిస్తారో తెలిస్తే నికోటిన్ పట్టు ఎంత గట్టిదో అర్థమవుతుంది. మానడానికి ఇచ్చే నికోటిన్ గమ్‌కూ ఇలాంటి సాధనే కావాలి. చీటీ మీద రాసిస్తే రోగి దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తాడు, ఎక్కిళ్లు, గుండెమంట వస్తే పారేస్తాడు. నెమ్మదిగా నమిలి, చురుక్కుమనగానే దవడకు, చిగురుకు మధ్య ఉంచుకోవాలని ఒక్కసారి చూపిస్తే మందు వృథా కాదు.

ఓపీ ముందు అంత వరస ఉంటే ఇంత తీరిక ఎక్కడిదని డాక్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ క్లుప్తమైన మాటకూ బలముందని లండన్‌లో మైకేల్ రస్సెల్ బృందం 1979లోనే చూపించింది. మామూలు డాక్టర్లు మానమని చెప్పి, ఒక కరపత్రమిచ్చి, మళ్లీ వాకబు చేస్తామన్నారు. మొదటి నెలలోనే మానేసి ఏడాది తర్వాతా అలాగే ఉన్నవాళ్లు 5.1 శాతం. ఏమీ చెప్పని వాళ్లలో 0.3 శాతం. అయిదు శాతమేనా అనిపించవచ్చు. 2016-17 సర్వే నాటికి దేశంలో పొగాకు వాడేవాళ్లు దాదాపు 26.7 కోట్లని గుర్తుంచుకుంటే అది చిన్న సంఖ్య కాదు.

అయితే శిక్షణ డాక్టరు దగ్గరే ఆగిపోకూడదు. కేరళలో 224 మంది మధుమేహ రోగులపై జరిగిన అధ్యయనం ఇందుకు గట్టి ఆధారం. అందరూ పొగతాగే మగవాళ్లే. డాక్టరు సలహా, కరపత్రాలు మాత్రమే అందినవాళ్లలో ఆరు నెలలకు 12.5 శాతం మంది పొగ మానామన్నారు. వీటికి తోడు డాక్టరు కాని ఆరోగ్య సిబ్బంది కౌన్సెలింగ్ కూడా అందినవాళ్లలో అలా చెప్పినవాళ్లు 51.8 శాతం. ఇది రోగులు తమంతట తాము చెప్పిన లెక్క కాబట్టి కొంత తగ్గించుకుని చూసినా తేడా చాలా పెద్దది. అందుకే నర్సుకూ నేర్పాలి. వైద్య విద్యార్థికి అలవాటు మాన్పించే పనిని ప్రాక్టికల్ పరీక్షలో పెట్టాలి. మానడానికి ఒక తేదీ ఖాయం చేయించడం, 1800-11-2356 ఉచిత నంబరు రాసివ్వడం, మొదటి వారంలో చిరాకు, నిద్రలేమి సహజమని ముందే చెప్పడం, మళ్లీ ముట్టించిన రోగి ముఖం చాటేయకుండా రెండోసారి వచ్చేలా మాట్లాడటం కూడా ఆ పరీక్షలో ఉండాలి.