పూతకు బలం పెంటకుప్పలోనే
ఉత్తరాఖండ్ హెంప్ సాగులో ఎరువుల లెక్క

డెహ్రాడూన్: చట్టం కన్ను పడేదీ, రైతు ఆశ నిలిచేదీ ఒకే పూత మీద. హెంప్ పంట ప్రత్యేకత అదే. మత్తు గుణం నామమాత్రంగా ఉండే గంజాయి జాతి మొక్క ఇది. దీనిని నార కోసం, గింజల కోసం వాణిజ్య సరళిలో సాగు చేయడానికి ఉత్తరాఖండ్ ప్రభుత్వం 2018లో అనుమతించింది. దేశంలో ఇందుకు పూనుకున్న తొలి రాష్ట్రం అదే. లైసెన్సు చేతికందిన రైతుకు ఎదురయ్యే ప్రశ్న పెట్టుబడి. ముఖ్యంగా పూత దశలో ఏ పోషకం ఇవ్వాలి, ఎంతలో ఇవ్వాలి అన్నది.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక పొరపాటు పడే అవకాశం ఉంది. మన వైపు పచ్చిరొట్టగా దున్నివేసే జనుము వేరు, గోనెసంచులు నేసే జనపనార వేరు. ఈ రెండింటికీ హెంప్‌తో చుట్టరికం లేదు. గఢ్వాల్, కుమావూ కొండ ప్రాంతాలలో భాంగ్ అని పిలిచే ఈ మొక్క తరతరాలుగా పెరటిలోనే ఉంది. దాని నారతో భంగేలా అనే ముతక గుడ్డ నేసేవారు. వేయించిన గింజలతో చేసే చట్నీ అక్కడి భోజనంలో నేటికీ కనిపిస్తుంది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021లో హెంప్ గింజలను, గింజల నూనెను, పిండిని ఆహార పదార్థాలుగా గుర్తించడంతో ఈ పెరటి మొక్కకు బజారు విలువ ఏర్పడింది. గింజ పట్టాలంటే పూత నిలవాలి. ఎరువు ప్రశ్న ప్రాధాన్యం సంతరించుకున్నది అందువల్లనే.

అమెరికా, కెనడాలలో గదుల లోపల దీపాల వెలుగులో ఈ జాతి మొక్కలను పెంచేవారి కోసం 'పూత పోషకాలు' అనే ద్రవాలను సీసాలలో అమ్ముతారు. ఆ సీసాలలో ఉండేది ప్రధానంగా భాస్వరం, పొటాష్. వాన మీద ఆధారపడి మెట్ల పొలం సాగు చేసే రైతు వాటికోసం ఆశపడవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. అవే పోషకాలు అతని గడపలో, పశువుల కొట్టంలో, పొయ్యిలో ఉన్నాయి. తెలియవలసింది ఏది ఎప్పుడు వేయాలన్నదే.

పూతకు ముందే భాస్వరం

హెంప్ పగటి వేళ తగ్గితే పూసే మొక్క. వేసవిలో విత్తిన పైరు వర్షాకాలం చివర, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పూతకు వస్తుంది. అంతవరకు కాండం, ఆకులు పెరగడానికి నత్రజని ఎక్కువ కావాలి. పూత మొదలయ్యాక నత్రజని అవసరం తగ్గి, భాస్వరం, పొటాష్‌ల అవసరం పెరుగుతుంది. ఆ సమయంలో ఆవపిండి చెక్క వంటి నత్రజని ఎరువులు ధారాళంగా వేస్తే ఆకు గుబురుగా పెరుగుతుందే తప్ప గింజ పెరగదు. పైగా వర్షాకాలపు తేమకు గుబురు పూగుత్తులలో బూజు తెగులు చేరుతుంది. ఖర్చు పెట్టి తెగులును కొని తెచ్చుకోవడమన్న మాట!

భాస్వరానికి చౌకైన సేంద్రియ వనరు ఎముకల పిండి. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం పచ్చి ఎముకల పిండిలో కనీసం 20 శాతం, ఆవిరి పట్టిన దానిలో కనీసం 22 శాతం భాస్వరం ఉండాలి. అయితే అది నేలలో కరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పూత చూసి వేసిన ఎముకల పిండి ఈ పంటకు కాక వచ్చే పంటకు అందుతుంది. కనుక విత్తే ముందే పశువుల ఎరువుతో కలిపి దున్నివేయాలి. కొండ నేలలు చాలాచోట్ల ఆమ్ల గుణం కలవి కావడం ఇక్కడ కలిసివచ్చే అంశం. ఎముకల పిండి అయినా, రాక్ ఫాస్ఫేట్ అయినా అటువంటి నేలలోనే బాగా కరుగుతుంది. ఒకప్పుడు డెహ్రాడూన్ సమీపంలోని మాల్‌దేవతలో తవ్విన రాక్ ఫాస్ఫేట్ 'మస్సూరీ ఫాస్' పేరిట దేశమంతటా ప్రసిద్ధి పొందింది. భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా కల్చరును పశువుల ఎరువులో కలిపి మాగవేస్తే ఫలితం మరింత త్వరగా కనిపిస్తుంది.

బూడిదలో పొటాష్

దేశానికి కావలసిన మ్యూరేట్ ఆఫ్ పొటాష్ యావత్తూ విదేశాల నుంచే వస్తోంది. కట్టెల పొయ్యి మీద వంట చేసే కొండ గృహిణి మాత్రం రోజూ కొంత పొటాష్‌ను బూడిద రూపంలో తయారు చేస్తూనే ఉంటుంది. కట్టెల బూడిద ఆమ్ల నేలకు సున్నంలా కూడా పనిచేస్తుంది. దానిని పచ్చి పేడలో గాని, పశువుల మూత్రంలో గాని కలపరాదు. కలిపితే నత్రజని అమోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. విడిగా నిల్వ చేసి, మొగ్గ తొడిగే ముందు మొక్కల మొదళ్ళకు కొంచెం ఎడంగా చల్లి మట్టితో కప్పడం మేలు. బొగ్గు బూడిద, ప్లాస్టిక్ తగులబెట్టిన బూడిద పనికిరావు.

మైదాన జిల్లాల రైతులకు మరో వనరు ఉంది. మొలాసిస్ నుంచి మద్యసారం తీసే డిస్టిలరీలలో మిగిలే వ్యర్థద్రవాన్ని బాయిలర్లలో కాల్చగా వచ్చే బూడిదలో కనీసం 14.5 శాతం పొటాష్ ఉంటుంది. కేంద్రం 2021 అక్టోబరులో దీనిని సబ్సిడీ పథకంలో చేర్చింది. చక్కెర మిల్లులు దీనిని ఎరువుల కంపెనీలకు టన్ను 4,263 రూపాయలకు అమ్మేలా 2024 జనవరిలో ఒప్పందం కుదిరింది. అంటే మిల్లు గేటు వద్ద కిలో పొటాష్ ధర సుమారు 29 రూపాయలు పడిందన్న మాట. రైతు చూడవలసిన లెక్క ఇదే. బస్తా ధర కాదు, బస్తాలోని పోషకం ధర. అయితే సేంద్రియ ధ్రువీకరణ పొందిన రైతు ఇటువంటి సరుకు కొనేముందు ధ్రువీకరణ సంస్థ అనుమతి తీసుకోవాలి.

సేంద్రియ ఎరువు ఎప్పుడూ చౌక అన్న భావన కూడా నిజం కాదు. టన్ను పశువుల ఎరువులో సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్ మాత్రమే ఉంటాయి. కంచర గాడిదల మీద కొండపైకి మోయించి తెచ్చిన టన్ను ఎరువుకు కూలి ఖర్చే దాని విలువను మించుతుంది. గోబర్ధన్ ప్లాంట్లలో తయారయ్యే సేంద్రియ ఎరువులకు కేంద్రం 2023 జూన్‌లో టన్నుకు 1,500 రూపాయల మార్కెట్ సహాయం ప్రకటించింది. ప్లాంటుకు దూరంగా ఉన్న కొండ గ్రామానికి రవాణా సమస్య మాత్రం తీరలేదు. సొంత పశువులున్న రైతుకే హెంప్ గిట్టుబాటు అనిపించడానికి కారణం ఇదే.

విత్తనం దగ్గరే చిక్కు

ఎరువు ఎంత జాగ్రత్తగా వేసినా పంటను ముంచగలిగేది విత్తనం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దృష్టిలో పూగుత్తి, కాయగుత్తే గంజాయి. వాటితో కలవని గింజలు, ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. ఆ చట్టం 14వ సెక్షన్ కింద నార, గింజలు, ఉద్యాన అవసరాల కోసం సాగును ప్రభుత్వం అనుమతించవచ్చు. ఉత్తరాఖండ్ విధానంలో మత్తు పదార్థమైన టీహెచ్‌సీ 0.3 శాతం మించరాదు. మించితే పైరును ధ్వంసం చేయవలసి వస్తుంది. ఈ శాతాన్ని ప్రధానంగా నిర్ణయించేది విత్తన జాతి. ఎరువుల మార్పుతో దానిని హద్దులో ఉంచడం సాధ్యం కాదు. కొండలలో సహజంగా పెరిగే రకాలు పలుచోట్ల ఈ హద్దును దాటుతాయి.

పొరుగున హిమాచల్ ప్రదేశ్ శాసనసభ 2024 సెప్టెంబరులో వైద్య, పారిశ్రామిక అవసరాల సాగుకు అనుకూలంగా తీర్మానించింది. పాలంపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, నౌణిలోని పర్మార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ప్రయోగాత్మక అధ్యయనం చేపట్టడానికి అక్కడి మంత్రివర్గం 2025 జనవరిలో ఆమోదం తెలిపింది. పాకిస్తాన్ సైతం 2024లో గంజాయి నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసుకున్నది.

లైసెన్సు లేని సాగు మాత్రం దేశమంతటా నేరమే. పదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరిట విశాఖ మన్యంలో వేలాది ఎకరాల గంజాయి తోటలను నరికివేసిన సంగతి తెలిసిందే. మన్యం రైతు కోల్పోయిన ఆ పైరుకూ, పౌడీలో అనుమతితో పూసే పైరుకూ పైచూపులో తేడా కనిపించదు. తేడా తేలేది లైసెన్సు కాగితంలోనూ, ప్రయోగశాల పరీక్షలోనూ మాత్రమే.